సమస్య: ‘ఇంటిపేరు మిగిలె నిల్లు పోయె’

నిర్వాహకుడు:
గత శనివారం ఒంగోలులో ఒక సందు గుండా వస్తుండగా, కూల్చిన పెంకుటింటి గడప పక్కన మట్టిలో ఒక పాలరాతి పలక కనిపించింది. దాని మీద ఇంటిపేరు చెక్కుచెదరకుండా ఉన్నది, అసలు పేరు ఉన్న సగం మాత్రం విరిగిపోయింది. నడుస్తూనే ఈ పాదం నోటికి వచ్చింది. దీనిని చివరి పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. ఒకే ఇంటిపేరు గల ప్రసిద్ధులలో ఎవరినైనా తీసుకొని పూరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఒంగోలు గిత్త:
ఈ జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఉండగా వేరే వస్తువు ఎందుకు?

లక్షలెన్నొ పడసి లాయరై వెలుగొంది
దేశ సేవ కొరకు ధారవోసె
టంగుటూరివాడు డాబెరుంగని మేటి
ఇంటిపేరు మిగిలె నిల్లు పోయె

మైపాడు కెరటం:
మూడవ పాదం నిజంగా బాగున్నది. ‘డాబెరుంగని మేటి’ అన్న మాట ప్రకాశం గారికి కొలిచి కుట్టినట్లున్నది. అయితే రెండవ పాదంలో ‘దే’కు ‘ధా’తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో మరో అక్షరంతో హల్లూ అచ్చూ కుదర్చడం) వేసిన గిత్త గారు, హల్లు కుదిరితే చాలునని, అచ్చు సంగతి ఎవరూ చూడరని అనుకున్నట్లున్నారు. మొన్న సంక్రాంతి సమస్యలో నేను భీష్ముని చేత చేపల పులుసు తినిపించానని నెల రోజులు ఎగతాళి చేసిన వారు వీరే. నా భీష్ముడు పులుసు తిన్నా యతి తప్పలేదు.

ఒంగోలు గిత్త:
తప్పు ఒప్పుకొంటున్నాను. ‘ధనము నెల్ల మనకు ధారవోసె’ అని సవరించి చదువుకోగలరు. ఆ ధనంలో పెద్ద భాగం 1921లో ఆయన మొదలుపెట్టిన ‘స్వరాజ్య’ పత్రికకే ఖర్చయింది కనుక, సవరణ వల్ల భావం చిక్కబడిందనే అనుకుంటున్నాను. బారిష్టరును లాయరుగా దింపారని ఎవరైనా అనబోతే, లకారానికి యతి కావలసి వచ్చిందని ముందే చెబుతున్నాను. ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చిన ఇంటిపేరు మాది. 1980లో ముఖ్యమంత్రి అయిన అంజయ్య గారు కూడా టంగుటూరి వారే.

మైపాడు కెరటం:
అంజయ్య గారు హైదరాబాదు కార్మికోద్యమం నుంచి పైకి వచ్చిన నాయకుడు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపడం పెళ్లిళ్ల పేరయ్యల పని.

కావలి గోరింక:
అన్నగార్లిద్దరూ ముఖ్యమంత్రుల దగ్గరే ఆగిపోయారు. పంతులు గారి సోదరుని కుమార్తె, గాయని సూర్యకుమారి గారు ఎవరికీ గుర్తు రాలేదా?

లండనమున నున్న లలిత గానపు రాణి
మల్లెదండ వేసె మాతృభువికి
తేట తెలుగు పలుకు థేమ్సు తీరము చేరె
ఇంటిపేరు మిగిలె నిల్లు పోయె

నిర్వాహకుడు:
‘మా తెలుగు తల్లికి’ పాటను శంకరంబాడి సుందరాచారి గారు రాసినా, జనం చెవిలో నిలిచినది ఈమె గొంతే. టంగుటూరి అన్న మాట పద్యంలో ఎక్కడా లేకపోయినా, ఆ మల్లెదండ చూడగానే మనిషి తెలిసిపోతున్నది. 2005లో ఆమె లండనులోనే కన్నుమూశారన్నది తలచుకుంటే, ‘ఇల్లు పోయె’ అన్న చోట గొంతు కొంచెం పట్టుకుంటున్నది.

మైపాడు కెరటం:
ఇక నెల్లూరు వంతు. రవీంద్రనాథ్ టాగోరు శిష్యుడైన బెజవాడ గోపాలరెడ్డి గారిని తీసుకున్నాను.

బుచ్చిరెడ్డిపాళెమున బుట్టె పుణ్యుడు
రవికవీంద్రు శిష్యరత్న మతడు
పేరు మారి పోయె బెజవాడ కెన్నడో
ఇంటిపేరు మిగిలె నిల్లు పోయె

ఊరు విజయవాడ అయిపోయినా, గోపాలరెడ్డి గారి పేరు ముందు బెజవాడ బెజవాడగానే ఉండిపోయింది.

ఒంగోలు గిత్త:
దొరికారు! ‘బు’కు ‘ము’తో యతి ఎట్లా కుదిరిందో, నాకు అచ్చుల పాఠం చెప్పిన వారే సెలవియ్యాలి.

నిర్వాహకుడు:
గిత్త గారూ, తొందరపడ్డారు. పు, ఫు, బు, భులకు ‘ము’తో చెల్లే ముకారయతి ఒకటున్నది, అది కూడా ఊరి పేరు మధ్యలో పడటం వల్ల ఎక్కడా అతుకు కనిపించడం లేదు.

ఒంగోలు గిత్త:
యతి సంగతి వదిలివేస్తున్నాను, భావం సంగతి వదలను. మారినది ఊరి పేరు. పోయిన ఇల్లు ఏది? బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టిన వారికి బెజవాడలో ఇల్లెక్కడిది? సమస్యలో సగం పూరించి మిగతా సగం మా ఊహకు వదిలేశారు. అయినా 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా మొదట వచ్చినది మా వారు, 1955లో తరువాత వచ్చినది మీ వారు. పద్యాలు కూడా ఆ వరుసలోనే వచ్చాయి.

మైపాడు కెరటం:
ఇంటికి పేరిచ్చిన ఊరే మొదటి ఇల్లు అని నా ఉద్దేశం. అది పద్యంలో తేలలేదంటే ఒప్పుకొంటాను. వరుస మాట ఎత్తారు కనుక చెబుతున్నాను: 1954లో మీ వారి మంత్రివర్గం ఒక్క ఓటుతో పడిపోయింది, ఇక్కడ మీ పద్యం ఒక్క అచ్చుతో పడిపోయింది.

ఒంగోలు గిత్త:
అచ్చును దిద్దుకున్నాను గదా!

నిర్వాహకుడు:
ఈ వారానికి నా ఓటు థేమ్సు పాదానికి. అన్నగార్లిద్దరూ కావలి దాకా వచ్చి గోరింక గారిని అభినందించి వెళ్లగలరు; ఒంగోలుకూ నెల్లూరుకూ అది మధ్య దారే.