స్కాటిష్ ఇండీ బ్యాండ్ల (పెద్ద మ్యూజిక్ కంపెనీల అండ లేనివాళ్ల) కొత్త సింగిల్స్ (విడిగా వదిలే పాటలు) సంగతి మీకెలా తెలుస్తుంది?

అందరికీ నమస్తే. చదువుకోడానికి గ్లాస్గో వచ్చి ఏడాదైంది. మొన్న కింగ్ టట్స్‌కి వెళ్లాను, మూడొందల మందితో నిండిపోయే చిన్న హాలు. 1993లో ఒయాసిస్ బ్యాండ్ వాయించింది ఇక్కడే. ఏ ఏడాది ఎవరు వాయించారో మెట్ల మీద రాసుంటుంది. చదువుతూ నిలబడిపోతే వెనకవాళ్లు విసుక్కున్నారు. ఆ రోజు ముందు వాయించిన కుర్ర బ్యాండ్ తెగ నచ్చింది, పేరు మాత్రం సరిగ్గా వినపడలేదు!

మొగ్వాయ్, బెల్ అండ్ సెబాస్టియన్ లాంటి ఇక్కడి పాతకాపు బ్యాండ్ల పాటలు వచ్చిన రోజే తెలిసిపోతాయి. 2021లో మొగ్వాయ్ సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీద తెచ్చిన ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్ కూడా అయింది. ఇబ్బందల్లా కొత్తవాళ్లతోనే. వాళ్లు శుక్రవారం సింగిల్ వదిలితే నాకు నెల తర్వాత తెలుస్తుంది. అప్పటికి ఆ పాట ఏడంగుళాల వినైల్ రికార్డు కాస్తా అయిపోయుంటుంది. పాటల యాప్ ఏమో విన్నవే తిప్పి తిప్పి వినిపిస్తోంది. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో గ్లాస్గో ట్యాగ్ పెట్టి వెతికితే ఏది కొత్తదో తేలట్లేదు.

ఇక్కడుంటున్న మనవాళ్లు ఏ రేడియో షో వింటారు? మోనోరైల్ లాంటి రికార్డుల షాపుకెళ్లి ఊరికే అడిగితే చెబుతారా, ఏదో ఒకటి కొనాలా? ఈ మధ్య మీకు నచ్చిన సింగిల్ ఒక్కటైనా చెప్పండి. గిటార్ల మోత ఎంతున్నా పర్లేదు.