తప్పిపోయిన వాలంటీర్ ఫైర్‌మన్‌ కోసం గాలిస్తున్నాం, డ్రోన్ ఎప్పుడు ఎగరేస్తే మంచిది?

మా ఊరి వాలంటీర్ అగ్నిమాపక దళంలో ఒకాయన అడవి మంటలు ఆర్పడానికి వెళ్లి తిరిగి రాలేదు. బండి కాలిబాట పక్కనే దొరికింది, తాళం దానికే ఉంది. హెల్మెట్ లేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. జాగిలాల కోసం ఆయన విడిచిన చొక్కా విడిగా కవర్లో పెట్టి ఇచ్చాం.

ఇప్పుడు థర్మల్ కెమెరా డ్రోన్ దొరికింది, పోలీసులూ సరే అన్నారు. పగలు బండరాళ్లు కూడా వేడిగానే కనిపిస్తాయి కాబట్టి తెల్లవారుజామున, నేల చల్లబడ్డాకే ఎగరేద్దామనుకుంటున్నాం. కానీ ఇంకా రగులుతున్న మొద్దుల మధ్య మనిషిని ఎలా గుర్తుపట్టాలి? దట్టమైన కొమ్మల కింద అసలు కనిపిస్తాడా, లేక వరసగా నడిచి వెతకడమే నయమా? ఇలాంటి గాలింపులో పనిచేసినవాళ్లుంటే కాస్త త్వరగా చెప్పండి. వాళ్లావిడ టెన్షన్ చూడలేకపోతున్నాం.