గ్రామర్ తప్పుల్లేని ఇంగ్లిష్ వాక్యం కూడా ఎందుకు అర్థం కావట్లేదు?

కొత్తకలం:
గ్రామర్ చెకర్ ఏ తప్పూ పట్టడం లేదు. చదివినవాళ్లు మాత్రం రెండోసారి చదివితే గానీ అర్థం కాలేదంటున్నారు. ఈ రెండు వాక్యాలు చూడండి:
1. "డ్యూ టు ది ఫ్యాక్ట్ దట్ దేర్ వాజ్ ఎ డిలే ఇన్ ది అరైవల్ ఆఫ్ ది మెటీరియల్, కంప్లీషన్ ఆఫ్ ది వర్క్ కుడ్ నాట్ బి డన్ బై అస్ ఆన్ టైమ్."
2. "చెకింగ్ ది రిపోర్ట్, మెనీ ఎర్రర్స్ వర్ ఫౌండ్."
ఇంకోటి. చిన్న మాటలు తీసేసి థిసారస్‌లో దొరికిన పెద్ద మాటలు పెడుతున్నాను. అది మంచిదేనా?

ఎర్రసిరా:
మొదటి దాంట్లో జరిగిన పనులన్నీ నామవాచకాల్లో ఇరుక్కుపోయాయండీ: డిలే, అరైవల్, కంప్లీషన్. పని నామవాచకంలోకి పోతే క్రియ స్థానంలో వాజ్, డన్ లాంటి బోలు మాటలే మిగులుతాయి, వాటిని అతికించడానికి ఇన్, ఆఫ్, బై వచ్చి చేరతాయి. షన్, మెంట్, అన్స్ అని ముగిసే మాటల కింద, డిలే, అరైవల్ లాంటి వాటి కింద కూడా గీత గీసి, ఒక్కోదాని దగ్గర "ఎవరు ఏం చేశారు?" అని అడగండి. ఆ జవాబునే వాక్యం చేయండి: "ది మెటీరియల్ కేమ్ లేట్, సో వి కుడ్ నాట్ ఫినిష్ ది వర్క్ ఆన్ టైమ్." 27 మాటలు 13 అయ్యాయి. డ్యూ టు ది ఫ్యాక్ట్ దట్ అన్నచోట బికాజ్ చాలు.

రెండోది మన భాష అలవాటు. "రిపోర్టు చూస్తుండగా చాలా తప్పులు కనిపించాయి" అంటే తెలుగులో ఏ పేచీ లేదు, చూసింది ఒకరు, కనిపించింది మరొకటి అయినా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో వాక్యం మొదట్లో వచ్చే ఇంగ్ రూపం కామా తర్వాతి కర్తకే అంటుకుంటుంది. మీ వాక్యం ప్రకారం రిపోర్టు చూసింది తప్పులే! "వైల్ చెకింగ్ ది రిపోర్ట్, ఐ ఫౌండ్ మెనీ ఎర్రర్స్" అనండి. చెకర్లు దీన్ని తరచూ వదిలేస్తాయి.

మాటలమూట:
థిసారస్ సంగతి నేను చెప్తాను. అది దగ్గరి అర్థాలు ఇస్తుంది గానీ, ఏ మాట దేనితో కలుస్తుందో చెప్పదు. వాన హెవీ, గాలి స్ట్రాంగ్. తారుమారు చేస్తే గ్రామర్ తప్పేమీ కాదు, చెవికి మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది. చైల్డ్‌లైక్ మెచ్చుకోలు, చైల్డిష్ తిట్టు. కొత్త మాట వాడే ముందు లెర్నర్స్ డిక్షనరీ (ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిఘంటువు) తెరిచి మూడు సంగతులు చూడండి: ఉదాహరణ వాక్యాలు, ఆ మాట తర్వాత వచ్చే ప్రిపొజిషన్ (టు, ఆఫ్, అబౌట్ లాంటి చిన్న మాట), ఫార్మల్ అనే గుర్తు ఉందా లేదా.

ప్రిపొజిషన్ దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. డిస్కస్ తర్వాత అబౌట్ రాదు. "ఎక్స్‌ప్లెయిన్ మి ది ప్రాబ్లమ్" తప్పు, "ఎక్స్‌ప్లెయిన్ ది ప్రాబ్లమ్ టు మి" ఒప్పు. యూజ్ సరిపోయేచోట యుటిలైజ్ పెడితే మాట బరువెక్కుతుంది, అర్థం మాత్రం పెరగదు.

నిదానం:
ఎర్రసిరా గారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఆయన తీసేసిన "కుడ్ నాట్ బి డన్ బై అస్" లాంటి పాసివ్ (చేసినవాళ్లను కాక, జరిగిన పనిని ముందుపెట్టే రూపం) కనిపించిందల్లా కొట్టేయకండి. ల్యాబ్ రిపోర్టులో "ది శాంపిల్స్ వర్ హీటెడ్ టు 80 డిగ్రీస్" చక్కటి వాక్యమే, అక్కడ ఎవరు వేడిచేశారన్నది ఎవరికీ అక్కర్లేదు. అన్నీ పొట్టి వాక్యాలే అయినా చదవడం కష్టమే. బికాజ్, బట్, సో లేకపోతే సంబంధాలన్నీ చదివేవాడే ఊహించుకోవాలి. ఓన్లీ ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. మనం "ఆమెకే చెప్పాను" అని చివరి "ఏ"ని ఆ మాటకే తగిలిస్తాం కదా, ఓన్లీని కూడా అలాగే దాని మాట పక్కన పెట్టండి: "ఐ టోల్డ్ ఓన్లీ హర్."

కొత్తకలం:
ధన్యవాదాలండీ. ఇంకో వాక్యం మార్చి చూశాను: "ది సర్వర్ ఫెయిల్డ్ అండ్ ది బ్యాకప్ వాజ్ ఓల్డ్. దిస్ డిలేడ్ అస్." సరేనా?

ఎర్రసిరా:
దాదాపు సరే. దిస్ అంటే సర్వర్ ఆగడమా, బ్యాకప్ పాతది కావడమా, రెండూనా? రెండూ అయితే "దీజ్ టూ ప్రాబ్లమ్స్ డిలేడ్ అస్" అనండి. దిస్ వెనక నామవాచకం లేకుండా వాక్యం మొదలైన ప్రతిచోటా ఇలాగే అడిగి చూడండి.