అర్తుంకల్ వెళుత్తచ్చన్ ఎవరు? బాణాల సెబాస్టియనా, ఇటలీ ఫాదరా?

కొండదారి:
శబరిమలలో జ్యోతి చూసుకుని దిగాక మా వ్యాన్ డ్రైవర్ అలప్పుళ జిల్లాలో అర్తుంకల్ చర్చి దగ్గర ఆపాడు. మలయాళీ స్వాములు సముద్రంలో మునిగొచ్చి అక్కడే మాల తీస్తున్నారు. లోపల ఒంటినిండా బాణాలతో సెబాస్టియన్ విగ్రహం. "వెళుత్తచ్చన్ అండీ, అయ్యప్పకి తమ్ముడి వరస" అన్నాడు డ్రైవర్. మా గురుస్వామి మొహం చిట్లించారు. మేమైతే ఇంటికొచ్చి అమ్మ చేతే తీయించుకున్నాం. ఇంతకీ ఎవరీయన?

పాతరాయి:
వెళుత్తచ్చన్ అంటే తెల్లయ్య. రోమన్ సైనికుడికి ఆ పేరెందుకు పెడతారు? 1584లో ఆ చర్చికొచ్చిన ఇటలీ జెస్యూట్ (కాథలిక్ సన్యాసుల సంఘం) ఫాదర్ ఫెనీషియోని ఊరివాళ్ళు అలా పిలిచేవారు. ఆయన పోయింది 1632లో. విగ్రహం తర్వాత వచ్చింది, పేరు దాని మీదికి పాకింది. మీరు మొక్కింది ఫాదర్‌కే.

గుణదలవాసి:
పేరు ఎవరిదైతేనేం? జనవరి 20 పండగ పునీత సెబాస్తియనుదే కదా. రోగాలొస్తే ఆయనకి మొక్కుతారు. ఒకప్పుడు అక్కడ మశూచికి ఆయనే దిక్కు, మనకి పోలేరమ్మలా. ఫెనీషియోకి బాణాలు సమర్పించరుగా! అన్నట్టు, సెబాస్తియను బాణాలకి చనిపోలేదు. చచ్చాడనుకుని వదిలేస్తే ఐరీన్ అనే విధవరాలు గాయాలు కడిగి బతికించింది. పారిపోవచ్చు కదా, పోలేదు. నేరుగా రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ ఎదురుగా నిలబడి కడిగేశాడు. అప్పుడు దుడ్డుకర్రలతో కొట్టి చంపి మురుగుకాలవలో పడేశారు.

పాతరాయి:
ఆ కథంతా 5వ శతాబ్దపు రచన, అంటే ఆయన పోయిన నూరేళ్ళకి పైమాట. 354 నాటి రోమ్ క్రైస్తవ అమరుల పట్టికలో ఉన్నది పేరు, తేదీ, సమాధి చోటు, అంతే. 7వ శతాబ్దపు మొజాయిక్ (రంగురాళ్ళు పొదిగిన బొమ్మ) ఒకటుంది రోమ్‌లో, అందులో గడ్డం నెరిసిన పెద్దాయన. ఒక్క బాణమూ లేదు. ఆ అందగాడు కుర్రాడంతా తర్వాతి చిత్రకారుల పుణ్యం.

గుణదలవాసి:
సరే, బాణాలు తీసేయండి. సమాధి ఉందిగా! నూరేళ్ళలోపే రోమ్‌లో తేదీ రాసుకుని తలుచుకున్నారంటే మనిషి నిజమే. నాకది చాలు.

కొండదారి:
ఇదంతా గురుస్వామికి చదివి వినిపించా. "ఎరుమేలిలో వావర్ స్వామి మసీదుకి మీరే తీసుకెళ్తారుగా, మరి ఇక్కడేమైంది?" అనడిగా.
"అది ఎక్కేముందు రా, ఇది దిగాక" అన్నారు.