పాయింట్స్ కోసం యూఎస్‌డీటీ డిపాజిట్ చేయమంటున్నారు, ముందే చేరితే మంచిదా?

కాకినాడ కుర్రాడు:
అందరికీ నమస్తే. మా ఫ్రెండ్ ఒక కొత్త క్రిప్టో ప్రాజెక్ట్ లింక్ పంపాడు, టోకెన్ ఇంకా రాలేదంట, ఇప్పుడే యూఎస్‌డీటీ (డాలర్ విలువకి కట్టిన క్రిప్టో కాయిన్) డిపాజిట్ చేస్తే రోజూ పాయింట్స్ పడతాయి, లాంచ్ అయ్యాక ఆ పాయింట్స్‌ని బట్టి ఎయిర్‌డ్రాప్ (ఫ్రీగా పంచే టోకెన్లు) ఇస్తారంట. మొదటి నెలలో చేరినోళ్లకి డబుల్, రిఫరల్‌కి ఇంకొంచెం ఎక్స్‌ట్రా. నా దగ్గర 60 వేలు ఉన్నాయి, చెల్లి ఫీజు జూన్‌లో కట్టాలి, అప్పటిదాకా ఊరికే ఉండే డబ్బే కదా అని ఆలోచిస్తున్నా. విత్‌డ్రా ఎప్పుడని టెలిగ్రామ్‌లో అడిగితే "సూన్" అంటున్నారు, డేట్ చెప్పట్లేదు. ఏం చేయమంటారు?

మణికొండ అన్న:
తమ్ముడూ ఫీజు డబ్బు మాత్రం పెట్టకు. బ్లాస్ట్ అనే క్రిప్టో నెట్‌వర్క్ గుర్తుందా, 2023 నవంబర్‌లో డిపాజిట్లు తీసుకోవడం మొదలెట్టారు, 2024 ఫిబ్రవరి చివర్లో మెయిన్‌నెట్ (అసలు నెట్‌వర్క్) వచ్చేదాకా వెనక్కి తీసుకునే దారే లేదు, టోకెన్ జూన్‌లో వచ్చింది. అంత పేరున్న ప్రాజెక్టే అన్నాళ్లు లాక్ చేసింది. నీకు జూన్‌లో కాలేజీ వాళ్లు ఆగరు కదా.

ఇంకోటి, ఆ డబుల్ పాయింట్స్ చూసి తొందరపడకు. ఒక్కో పాయింట్‌కి ఎన్ని టోకెన్లో ముందే చెప్పారా? చెప్పరు. మొత్తం ఎయిర్‌డ్రాప్ ఎంతో దాన్నే అందరూ పంచుకోవాలి, నీతోపాటు లక్ష మందికి డబుల్ ఇస్తే నీ వాటా ఏం పెరిగినట్టు? తర్వాత పెద్ద వ్యాలెట్ (క్రిప్టో ఖాతా) ఉన్నోడు ఒకడు కోట్లు తెచ్చి పడేస్తే నువ్వు ముందొచ్చిన లాభం కూడా పలచబడిపోద్ది.

డీఫై పిచ్చోడు:
అన్న చెప్పింది కరెక్టే కానీ అసలు వద్దు అనను. యూనిస్వాప్ అనే క్రిప్టో మార్పిడి యాప్ 2020 సెప్టెంబర్‌లో అంతకుముందు వాడినోళ్లకి ఒక్కో వ్యాలెట్ అడ్రస్‌కి 400 యూఎన్‌ఐ టోకెన్లు ఇచ్చింది, అప్పటి రేటుకే వెయ్యి డాలర్ల పైన. హైపర్‌లిక్విడ్ అనే ట్రేడింగ్ యాప్ 2024 నవంబర్‌లో తన మొత్తం టోకెన్ సప్లైలో 31 శాతం పాయింట్స్ ఉన్న యూజర్లకే పంచింది. వాళ్లల్లో చాలామంది ట్రేడింగ్‌కి ఎలాగూ వాడుతున్నోళ్లే. నీకు ఆ యాప్‌తో వేరే పని ఉందా, పాయింట్స్ ఒక్కటేనా, అది చూసుకో.

చేరాలనుకుంటే కొత్త వ్యాలెట్ పెట్టుకో, పాతదాంట్లో ఉన్నవి జోలికి పోనివ్వకు. డిపాజిట్ చేసేటప్పుడు అప్రూవ్ పాపప్ (నీ వ్యాలెట్‌లోంచి ఎంత తీసుకోవచ్చో ఆ యాప్‌కి ఇచ్చే పర్మిషన్) వస్తుంది, అక్కడ లిమిట్ అన్‌లిమిటెడ్ అని ఉంటే ఆ నంబర్ మార్చి నువ్వు పెట్టేంతే వెయ్. సీడ్ ఫ్రేజ్ 12 పదాలు అంటే నీ వ్యాలెట్ తాళంచెవి, అవి ఎవడు అడిగినా దొంగే, అడ్మిన్ అయినా సరే. టోకెన్లు క్లెయిమ్ చేసుకునే రోజు గ్రూపుల్లో ఫేక్ లింకులు కుప్పలుగా వస్తాయి.

సీఏ చదువుతున్నా:
ట్యాక్స్ ఎవరూ చెప్పలేదు. ఎయిర్‌డ్రాప్ చేతికొచ్చిన రోజు విలువని మామూలుగా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో అదర్ సోర్సెస్ (ఇతర ఆదాయం) కింద చూపించమంటారు సీఏలు, స్లాబ్ ప్రకారం పడుతుంది. తర్వాత రేటు పెరిగాక అమ్మితే ఆ లాభం మీద 30 శాతం ట్యాక్స్, ఆ ట్యాక్స్ మీద 4 శాతం సెస్. ఒక టోకెన్‌లో నష్టం వస్తే ఇంకోదాని లాభంలో కలపడానికి లేదు. కొత్త టోకెన్ వచ్చిన మొదటి వారంలోనే సగానికి పడిపోయినా, వచ్చిన రోజు రేటుకే నీకు లెక్క. అందుకే క్లెయిమ్ చేసిన రోజు రేటు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

యూఎస్‌డీటీ కూడా టెలిగ్రామ్‌లో తెలియనోళ్ల దగ్గర పీటూపీలో (నేరుగా మనిషి నుంచి) కొనొద్దండి, అవతలోడిది సైబర్ క్రైమ్ డబ్బైతే మీ బ్యాంక్ అకౌంట్ ఫ్రీజ్ అయ్యే ప్రమాదం ఉంది. ఎఫ్‌ఐయూ (కేంద్రం ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్)లో రిజిస్టర్ అయిన ఎక్స్చేంజ్‌లోనే కొనండి.

కాకినాడ కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అందరికీ. 60 వేలు ముట్టుకోను. విత్‌డ్రా డేట్ రాతపూర్వకంగా డాక్స్‌లో పెట్టేదాకా ఒక్క రూపాయి కూడా వేయను, ఫ్రెండ్‌కి కూడా అదే చెప్తా. మరి డబ్బు అక్కర్లేని టెస్ట్‌నెట్ (ప్రయోగ నెట్‌వర్క్) టాస్కులు చేయొచ్చా?

డీఫై పిచ్చోడు:
చెయ్, కాకపోతే టైమ్ పోద్ది. పై (Pi) నెట్‌వర్క్ అనే ఫోన్ క్రిప్టో యాప్ 2019 మార్చిలో మొదలైతే దాని నెట్‌వర్క్ అందరికీ ఓపెన్ అయింది 2025 ఫిబ్రవరిలో, అన్నేళ్లు రోజూ బటన్ నొక్కినోళ్లు మన ఊళ్లల్లోనే ఎంతమందో. టెస్ట్‌నెట్ టోకెన్లు ఎవడన్నా అమ్ముతానంటే కొనకు, ఫాసెట్ (టెస్ట్ టోకెన్లిచ్చే సైట్)లో ఫ్రీగానే ఇస్తారు.