విప్పేసిన 1969 మస్టాంగ్ మాక్ 1: ఉన్నదున్నట్టు అమ్మాలా, బాగుచేయించి అమ్మాలా?

ఫ్రిస్కో_గ్యారేజ్:
ఎనిమిదేళ్ల కిందట పక్కింటి పెద్దాయన దగ్గర 1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1 కొన్నాను, నా చేతులతోనే మళ్లీ రోడ్డెక్కించాలని. ఇంజిన్ దించాను, సీట్లు, డాష్‌బోర్డు విప్పాను, పిల్లలు పుట్టాక పని అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు టెక్సస్ వదిలి సియాటిల్ వెళ్తున్నాం. టైటిల్ (యాజమాన్య పత్రం) నా పేరు మీదే ఉంది, విన్ (బండి గుర్తింపు నంబరు) 9ఎఫ్02ఎమ్‌తో మొదలవుతుంది. ఫ్లోర్ తుప్పు పట్టింది, వెనక చక్రాల పైన ఎవరో ఎప్పుడో పుట్టీ పెట్టారు. ఒక షాపతను ఫ్లోర్ వెల్డింగ్ చేయించి ప్రైమర్ కొట్టిస్తే మంచి రేటు వస్తుందన్నాడు, ఇంకొకతను పార్టులుగా అమ్మేయమన్నాడు. నాకైతే దాన్ని మళ్లీ నడిపించేవాళ్ల చేతికే వెళ్లాలని ఉంది. ఏం చేయమంటారు?

డెట్రాయిట్_బాబాయ్:
ప్రైమర్ మాత్రం కొట్టించకు తమ్ముడూ. ఇలాంటి బండి కొనేవాడు ముందు చూసేది తుప్పు ఎక్కడిదాకా పాకిందనే, కొత్త ప్రైమర్ కనబడితే కింద ఏదో దాచావనుకుంటాడు. ఫ్లోర్ రేకులు మస్టాంగ్‌కి కొత్తవి దొరుకుతాయి, దానికి ఎవరూ భయపడరు. అసలు భయం కౌల్ గురించి, అంటే వైపర్ల కింద గాలి లోపలికి వెళ్లే పెట్టె. అక్కడ ఆకులు చేరి, వాన నీళ్లు నిలిచి, తుప్పు లోపల్నుంచి తినేస్తుంది, పైకి ఏమీ కనబడదు. మగ్గుతో నీళ్లు పోసి లోపలికి కారుతుందో లేదో వీడియో తీసి పెట్టు. బండి బరువు మోసే భాగాలు, అంటే టార్క్ బాక్సులు, షాక్ టవర్లు, ఫ్రేమ్ రెయిళ్లు, కింద నుంచి దగ్గరగా ఫోటోలు తియ్యి.

ఓల్డ్_ఫోర్డ్_ఫ్యాన్:
బాబాయ్ చెప్పింది నిజం. విన్‌లో ఎమ్ అంటే 351 క్యూబిక్ అంగుళాల, ఫోర్ బ్యారెల్ కార్బ్యురేటర్ ఇంజిన్, 290 హార్స్‌పవర్. కానీ 02 అంటే ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి వాలుగా దిగే బాడీ) అని మాత్రమే, మాక్ 1 అని రుజువు కాదు. డ్రైవర్ డోర్ ప్లేట్ మీద మాక్ 1 కోడ్ 63సీ ఉందేమో చూడండి. మార్టీ ఆటో వర్క్స్ అనే కంపెనీ ఇచ్చే మార్టీ రిపోర్ట్ కూడా తెప్పించండి, 1967 నుంచి ఫోర్డ్ కార్ల తయారీ రికార్డులు వాళ్ల దగ్గర ఉన్నాయి. ఇంజిన్ బ్లాకు మీద కొట్టిన నంబరు విన్‌తో సరిపోతే అది మీ బండికి పెద్ద బలం. ఆ నంబరు మీది మట్టి మెల్లగా తుడవండి, గ్రైండర్ దగ్గరికి కూడా తేవద్దు. పార్టులుగా అస్సలు అమ్మకండి, మంచివన్నీ వారంలో పోతాయి, చివరికి బాడీ మీ దగ్గరే మిగులుతుంది, ఆ ఇంజిన్‌కీ ఆ బండికీ మళ్లీ కలిసే దారి ఉండదు.

ప్లేనో_మెకానిక్:
స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త నూనె పోసి, రెండు రోజులాగి క్రాంక్‌ని (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్ట్‌ని) చేత్తో తిప్పి చూడండి. తిరిగితే "సీజ్ కాలేదు" (ఇంజిన్ బిగుసుకుపోలేదు) అని ధైర్యంగా రాయొచ్చు. బోల్టులు ఏ భాగానివి ఆ సంచిలో వేసి పేరు రాయండి. అమ్మాక నంబరు ప్లేట్లు తీసేసుకుని, 30 రోజుల్లోపు టెక్సస్ డీఎంవీకి (వాహనాల శాఖకి) అమ్మినట్టు తెలపండి.

ఫ్రిస్కో_గ్యారేజ్:
అందరికీ చాలా థ్యాంక్స్. డోర్ ప్లేట్ మీద 63సీ ఉంది! నిన్న రాత్రి కౌల్‌లో నీళ్లు పోశాను, ఎడమ పక్క కారింది. ఆ వీడియో కూడా అలాగే పెడుతున్నాను.