కుకీ బ్యానర్లు మన దగ్గరా రావాలా? వస్తే ఎలా ఉండాలి?

మ్యూనిక్_మూర్తి (చర్చ మొదలుపెట్టినవారు)

యూరప్‌లో ఉంటూ తెలుగు సైట్లు చదివేవాళ్ళకి ఈ బాధ తెలుసు. మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు మన ఫోన్లోనో కంప్యూటర్లోనో పెట్టే చిన్న ఫైళ్ళే కుకీలు. వాటికి అనుమతి అడుగుతూ, పేజీ తెరవగానే సగం తెర కప్పేస్తూ ఒక పెట్టె వస్తుంది. “మీ గోప్యత మాకు ముఖ్యం” అని మొదటి వాక్యం. కింద “అన్నీ అంగీకరిస్తున్నాను” అని పచ్చగా పెద్ద బటన్. పక్కన బూడిదరంగులో, బటన్‌లా కూడా అనిపించకుండా “మరిన్ని ఎంపికలు”. అది నొక్కితే ఇంకో తెర. అక్కడ స్విచ్‌లన్నీ ఆఫ్‌లోనే ఉన్నాయని సంతోషించేలోపు “లెజిటిమేట్ ఇంటరెస్ట్” (అంటే మీ అంగీకారం లేకుండానే వాడుకోవడానికి మాకు న్యాయమైన అవసరం ఉందనడం) అని మరో ట్యాబ్, దాన్లో అన్నీ ఆన్! “మా భాగస్వాములు” అన్న జాబితా తెరిస్తే వేలు నొప్పి పుట్టేదాకా జరుపుతూనే ఉండాలి. ఇదంతా ఒక వార్త చదవడానికి.

ఇది తెలియక చేసిన డిజైన్ కాదు. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్కు, కాదనడానికి చాలా క్లిక్కులు పెట్టారన్న కారణంతోనే ఫ్రాన్స్ గోప్యతా సంస్థ సీఎన్‌ఐఎల్ 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఆ తర్వాత కొన్ని నెలలకే గూగుల్ ఇక్కడ “అన్నీ తిరస్కరించు” బటన్ పెట్టింది. అంటే పెట్టడం చేతకాక కాదు, మెడ మీద కత్తి పెట్టేదాకా పెట్టరు.

మన దేశంలో డీపీడీపీ చట్టం (వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం) 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. ఈలోపే చర్చించుకుందాం. నా మాట ఇదీ: బ్యానర్లు రావాలి, కానీ రద్దు బటన్, అంటే “అన్నీ తిరస్కరించు” అన్నది, మొదటి తెరమీదే ఉండాలి, అదే సైజులో, అదే రంగులో.

చిన్నా_గుంటూరు

యాడ్ బ్లాకర్ పెట్టుకో అన్నా. చర్చ అయిపోయింది.

నల్లకుంట_శేఖర్

మూర్తి గారూ, ఒక్క క్లిక్కు గురించి ఇంత గొడవా? నేనైతే “అంగీకరిస్తున్నాను” నొక్కి పడేస్తాను. నా గురించి వాళ్ళు తెలుసుకునేదేముంది? క్రికెట్ స్కోరు చూస్తాను, బైక్ ధరలు చూస్తాను. చూసుకోనివ్వండి. సూపర్ మార్కెట్‌లో బిల్లు కట్టేటప్పుడు ఫోన్ నంబరు అడిగితే చెప్తాం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ అడిగితే చెప్తాం. అక్కడ లేని గోప్యత వెబ్‌సైట్ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడినుంచి పుట్టుకొచ్చింది? ఇది యూరప్ వాళ్ళ తీరుబడి. మనకి అంటించకండి.

మ్యూనిక్_మూర్తి

శేఖర్ గారూ, నేను అడిగింది గేటు గురించి కాదు. రద్దు బటన్ మొదటి తెరమీద ఉండాలా వద్దా? అవును, కాదు అని చెప్పండి చాలు.

నల్లకుంట_శేఖర్

నాకు ఆ పెట్టే వద్దంటుంటే దాంట్లో బటన్ ఎక్కడుండాలని అడుగుతారేంటండీ!

వాయిదా_వకీలు

ఇద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు. బ్యానర్ పెట్టమని యూరప్ చట్టం ఎక్కడా చెప్పలేదు. 2009లో సవరించిన ఈ-ప్రైవసీ డైరెక్టివ్ ఏం చెప్పిందంటే, సైటు నడవడానికి అవసరం లేనిదేదైనా మీ ఫోన్లోనో కంప్యూటర్లోనో పెట్టాలంటే ముందు అడగమని. లాగిన్ గుర్తుపెట్టుకోవడానికి, షాపింగ్ బుట్టకి పెట్టే కుకీలకి అడగక్కర్లేదు. 2018 మే నుంచి జీడీపీఆర్ (యూరప్ డేటా రక్షణ చట్టం) వచ్చాక ఆ అడగడం ఎలా ఉండాలో గట్టిగా చెప్పారు. 2019 అక్టోబరులో ప్లానెట్49 కేసులో యూరప్ కోర్టు, ముందే టిక్కు పెట్టి ఉంచిన పెట్టెను అంగీకారంగా లెక్కవేయకూడదని తేల్చింది.

అంటే ట్రాకింగ్ (మీరు ఎక్కడెక్కడ ఏం చూస్తున్నారో వెంటాడి నమోదు చేయడం) లేని సైటుకి బ్యానరే అక్కర్లేదు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ 2020 డిసెంబరులో అవసరం లేని కుకీలన్నీ తీసేసి బ్యానర్ కూడా తీసేసింది. బ్యానర్ కనబడిందంటే ఆ సైటు ట్రాకింగ్ మానుకోవడానికి ఇష్టపడలేదని అర్థం. విసుగు తెప్పించింది వాళ్ళు, తిట్లు తిన్నది చట్టం.

మన దగ్గర కూడా చెయ్యి దాటిపోలేదు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల (వినియోగదారుణ్ని బోల్తా కొట్టించే డిజైన్ల) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 13 రకాలు పేర్కొంది. ఒక బటన్‌ని మసకగా పెట్టి ఇంకోదాన్ని మెరిపించడం అందులో ఉంది. పదే పదే అడిగి విసిగించడం కూడా ఉంది. డీపీడీపీలో కుకీ అన్న మాట లేదు. కానీ వ్యక్తిగత డేటా తీసుకుంటే నోటీసు ఇవ్వాలి, అది తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలుండాలి. ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత సులువుగానే ఉండాలి.

నల్లకుంట_శేఖర్

తెలుగులో ఇస్తే ఎవరు చదువుతారండీ. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలే చదవకుండా సంతకాలు పెట్టే జనం మనం. పైగా ఈ చట్టంలో ప్రభుత్వానికి ఎన్ని మినహాయింపులు ఇచ్చుకున్నారో అది చెప్పరేం వకీలు గారూ? 17వ సెక్షన్ చదవండి.

వాయిదా_వకీలు

చదివాను. మినహాయింపుల మీద మీతో ఏకీభవిస్తాను. దానికి ఇంకో చర్చ పెట్టండి, వస్తాను.

పోపులడబ్బా

నేను సైటు నడిపేవాణ్ని కాబట్టి అవతలి పక్క కూడా వినండి. మాది వంటల సైటు. రాజమండ్రిలో నేనూ మా ఆవిడా నడుపుతాం. గూగుల్ యాడ్స్ తెలుగు పేజీలకి ఇవ్వడం మొదలైందే 2018లో. అంతకుముందు తెలుగులో రాసి రూపాయి సంపాదించడానికి దారే లేదు. 2024 జనవరి నుంచి యూరప్, యూకే నుంచి వచ్చేవాళ్ళకి గూగుల్ ఒప్పుకున్న కన్సెంట్ (అంగీకారం అడిగే) బ్యానరే పెట్టాలని రూల్ వచ్చింది. పెట్టకపోతే అక్కడివాళ్ళ మీద వచ్చే యాడ్స్ దెబ్బతింటాయి. మాకు డిజైనర్ లేడు. వచ్చిన బ్యానర్ వచ్చినట్టు పెట్టాం. ఏ రంగు, ఏ సైజు అని కూర్చుని ఆలోచించింది మేం కాదు. మూర్తి గారూ, మీరు తిడుతున్న ఆ పచ్చ బటన్ వెనక పెద్ద కుట్రదారులెవరూ లేరు, మాలాంటి ఇద్దరు మనుషులున్నారు.

మ్యూనిక్_మూర్తి

మీ బ్యానర్‌లో రద్దు బటన్ మొదటి తెరమీద ఉందా?

పోపులడబ్బా

సెట్టింగ్స్‌లో చూడాలి.

మ్యూనిక్_మూర్తి

చూడండి మరి. అదే నేను మొదటినుంచీ చెప్తున్నది.

సర్వర్_సుబ్బారావు

బటన్ దగ్గరే తిరుగుతున్నారు. అసలు ప్రతి సైటూ విడివిడిగా ఎందుకు అడగాలి? బ్రౌజర్‌లో ఒక్కసారి “నన్ను ట్రాక్ చెయ్యొద్దు” అని పెట్టుకుంటే అన్ని సైట్లూ వినాలి. డూ నాట్ ట్రాక్ అని 2009లోనే ఆలోచన వచ్చింది. బ్రౌజర్లు పెట్టాయి, సైట్లు పట్టించుకోలేదు, ప్రమాణం రాస్తున్న కమిటీని 2019లో మూసేశారు. వినకపోతే శిక్ష లేదు కాబట్టి వినలేదు. దాని తర్వాత వచ్చిన, అలాంటిదే అయిన బ్రౌజర్ సిగ్నల్ గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్‌ని కాలిఫోర్నియాలో చట్టం గుర్తించింది. ఆ సిగ్నల్‌ని లెక్కచేయకపోవడం లాంటి ఆరోపణల మీద సెఫోరా అనే సౌందర్య సాధనాల కంపెనీ 2022లో 12 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఇప్పుడు యూరోపియన్ కమిషన్ కూడా బ్రౌజర్ సిగ్నల్ దారి పట్టాలని 2025 నవంబరులో ప్రతిపాదించింది. మనం ఇప్పుడే మొదలుపెడుతున్నాం కాబట్టి ఆ బ్యానర్ల దశని దాటేసి నేరుగా ఇక్కడికే రావచ్చు.

ఊరకే_చూస్తా

ఇది బాగుంది. కానీ ఎక్కువమంది వాడే బ్రౌజర్ ఎవరిదో, యాడ్స్ వ్యాపారం ఎవరిదో ఒకసారి చూసుకోండి.

వేపచెట్టు

ఇంతసేపూ చదువుతున్నాను. శేఖర్ గారు క్రికెట్ స్కోరు అన్నారు కదా, నా సంగతి చెప్తాను.

మా ఇంట్లో లాప్‌టాప్ ఒకటే. నేనూ మా ఆయనా పిల్లల కోసం ఒక ఆసుపత్రి సైటులో ఐవీఎఫ్ గురించి చదివాం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పదలుచుకోలేదు. తర్వాత అదే లాప్‌టాప్‌లో మా అత్తగారు ఆవకాయ కొలతల కోసం ఒక వంటల సైటు తెరిచారు. పేజీ పైన ఐవీఎఫ్ యాడ్, పక్కన ఐవీఎఫ్ యాడ్, కింద “సంతానలేమికి ఈఎంఐలో చికిత్స”. ఆవిడకి చదువొచ్చు. సాయంత్రానికి మా ఆడపడుచు ఫోన్. ఎవరిలో లోపం అని అడిగింది. ఆ ప్రశ్నకి ఇంట్లో ఎన్ని నెలలు జవాబు చెప్పాల్సివచ్చిందో ఇక్కడ రాయను.

నేను ఏ బటనూ నొక్కలేదు. మన దగ్గర బ్యానరే లేదు కదా. పచ్చదీ లేదు, బూడిదదీ లేదు. యూరప్‌లో కనీసం అడిగినట్టు నటిస్తారు.

నల్లకుంట_శేఖర్

చాలా బాధగా ఉందండీ. కానీ ఒక మాట. అందరూ వాడే లాప్‌టాప్‌లో అలాంటివి వెతికేటప్పుడు ఇన్‌కాగ్నిటోలో (చూసినవి గుర్తుపెట్టుకోని ప్రత్యేక బ్రౌజర్ కిటికీలో) వెతకాలి కదా. కొంచెం మన జాగ్రత్త కూడా ఉండాలి.

వేపచెట్టు

వస్తుందని తెలుసు ఈ మాట. మా ఆడపడుచు కూడా ఇదే అంది. నా ఇంట్లో నేను ఒక ఆసుపత్రి పేజీ చదవడానికి దొంగలా కిటికీ మార్చుకోవాలి, నా గురించి తెలుసుకుని అమ్ముకునేవాడు మాత్రం దర్జాగా తిరగాలి. మీ క్రికెట్ స్కోరు మీకు సరిపోతుంది శేఖర్ గారూ, దాచుకోవాల్సింది ఇంకా మీ జీవితంలోకి రాలేదు.

నల్లకుంట_శేఖర్

పర్సనల్‌గా తీసుకుంటే నేనేం చెప్పలేను. నేను మీ మంచికే చెప్పాను.

చిన్నా_గుంటూరు

శేఖరన్నా, వదిలెయ్యి ఇంక.

పోపులడబ్బా

అమ్మా, ఆ వంటల సైటు మాదో కాదో నాకు తెలియదు. కానీ ఒకటి చెప్పాలి. ఏ యాడ్ వస్తుందో మేం ఎంచుకోం. పేజీలో ఖాళీ జాగా ఇస్తాం, అంతే. మీరు చూసిన యాడ్ మేమూ మీరు చూసినప్పుడే చూస్తాం.

వేపచెట్టు

మీదో కాదో నాకూ తెలియదు, అడగను కూడా. కానీ “మేం ఎంచుకోం” అన్నది జవాబు ఎలా అవుతుందండీ? మీ పేజీలో ఎవరెవరు వచ్చి నన్ను చూసి వెళ్తున్నారో మీకే తెలియదంటే నాకు ఇంకా భయం వేస్తుంది.

సర్వర్_సుబ్బారావు

ఆవిడ అన్నదే పాయింట్. పేజీ తెరుచుకునే ఆ కాస్త సమయంలో మీరు చూడబోయే యాడ్ జాగాకి వేలం జరుగుతుంది. ఈ మనిషి ఫలానా ఊరు, ఫలానా ఆసక్తులు అన్న సమాచారం వేలంలో ఉన్న కంపెనీలన్నిటికీ వెళ్తుంది. పాట నెగ్గినవాడు యాడ్ చూపిస్తాడు. ఓడినవాళ్ళు కూడా ఆ సమాచారం చూసేశారు. యూరప్ బ్యానర్లలో మూర్తి గారు చూసిన పొడవాటి భాగస్వాముల జాబితా వీళ్ళదే. మనకి ఆ జాబితా కూడా చూపించరు.

పోపులడబ్బా

సరే, కోపంగానే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ట్రాకింగ్ వద్దు. బ్యానర్ వద్దు. యాడ్ బ్లాకర్ కావాలి. డబ్బు కట్టమంటే కట్టరు. పేజీ కింద యూపీఐ క్యూఆర్ పెట్టాం. నెలకి వచ్చేది సర్వర్ బిల్లుకి కూడా చాలదు. పులిహోర కొలత మాత్రం సరిగ్గా ఉండాలి, ఫొటోలు బాగుండాలి, తెలుగులోనే ఉండాలి. ఎవరు పెడతారు దీనికి డబ్బు?

వాయిదా_వకీలు

ట్రాకింగ్ లేకుండా యాడ్స్ ఉండవని ఎవరన్నారు? పులిహోర పేజీలో నువ్వుల నూనె యాడ్ వేసుకోవచ్చు. చదివేది ఎవరైతేనేం. నెదర్లాండ్స్ ప్రభుత్వ టీవీకి యాడ్స్ చూసే సంస్థ 2020లో ట్రాకింగ్ కుకీలు ఆపేస్తే ఆదాయం తగ్గలేదు, పెరిగింది.

పోపులడబ్బా

వాళ్ళకి సొంతంగా యాడ్స్ అమ్ముకునే సిబ్బంది ఉన్నారు వకీలు గారూ. నేను నూనె కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తుతారా?

మ్యూనిక్_మూర్తి

విషయం దారి తప్పుతోంది. రద్దు బటన్ సంగతి...

ఊరకే_చూస్తా

మూర్తి గారూ, దండం.

వేపచెట్టు

పోపులడబ్బా గారూ, నేను డబ్బు కట్టే మనిషినే. నెలకి ముప్ఫయ్యో యాభయ్యో అడగండి, ఇస్తాను. కానీ కట్టినవాళ్ళని వదిలేసి కట్టలేనివాళ్ళని అమ్ముకునే పద్ధతి అయితే నాకు వద్దు. ఫేస్‌బుక్ నడిపే మెటా 2023లో యూరప్‌లో అదే చేసింది, డబ్బు కట్టు లేదా ఒప్పుకో అని. 2025లో 20 కోట్ల యూరోల జరిమానా పడింది. మా అత్తగారు మీకు యూపీఐ కట్టరు. ఆవిడకీ కొన్ని దాచుకునేవి ఉంటాయి.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. మీ ఆదాయంలో మాలాంటి ఇక్కడివాళ్ళని ట్రాక్ చేస్తే వచ్చేది ఎంత?

పోపులడబ్బా

నిజమే చెప్తాను. ఎక్కువమంది చదివేది ఇక్కడివాళ్ళే, కానీ ఒక్కో మనిషి మీద వచ్చేది పైసల్లోనే. డబ్బు చాలావరకు అమెరికా, జర్మనీ, యూకేల్లో ఉన్న తెలుగువాళ్ళ మీద వస్తుంది.

వేపచెట్టు

అయితే పైసల కోసం మమ్మల్నెందుకు?

పోపులడబ్బా

ఎందుకంటే... కోడ్ అందరికీ ఒకటే పెట్టాం. యూరప్ వాళ్ళకి అడగాలన్నారు, బ్యానర్ పెట్టాం. ఇక్కడ ఎవరూ అడగలేదు.

వేపచెట్టు

నేను అడుగుతున్నాను.

సర్వర్_సుబ్బారావు

యాడ్ సెట్టింగ్స్‌లో పర్సనలైజ్డ్ కాని (మనిషి చూసినవాటిని బట్టి ఎంచని) యాడ్స్ చూపించే దారి ఉంటుంది. దేశాన్ని బట్టి విడగొట్టాలంటే పేజీ కోడ్‌లో చిన్న మార్పు. కావాలంటే రాసి ఇస్తాను. పూర్తిగా కుకీలు పోవు, మోసాలు పట్టుకోవడానికి కొన్ని ఉంటాయి. కానీ ఐవీఎఫ్ చదివినందుకు ఐవీఎఫ్ యాడ్ వెంటపడటం మీ సైటులో ఆగుతుంది.

నల్లకుంట_శేఖర్

ఆయన ఒక్కడు ఆపితే ఏమవుతుంది? ఆవిడ అత్తగారు పక్క సైటుకి వెళ్తే అక్కడ కనిపిస్తుంది.

పోపులడబ్బా

అదే నా భయం కూడా. నేను ఆపితే ఆ పైసలు పక్కవాడు ఏరుకుంటాడు. సుబ్బారావు గారూ, కోడ్ పంపండి, చూస్తాను. మాట ఇవ్వను. లెక్కలు మా ఆవిడ చూస్తుంది, ఆవిడకి ఈ చర్చ లింకు పంపాను, చదువుతోంది.

చిన్నా_గుంటూరు

అక్క చదివాక ఇక్కడే రాయమనండి.